పన్ను రేటు మారినా తడబడని బిల్లు ప్రోగ్రామ్: రీఫ్యాక్టరింగ్ చేసే తీరు

రీఫ్యాక్టరింగ్ అంటే ప్రోగ్రామ్ బయటికి చేసే పనిని ఏమాత్రం మార్చకుండా, దాని లోపలి అమరికను చదవడానికీ మార్చడానికీ అనువుగా తీర్చిదిద్దడం. ఈ నిర్వచనంలో మొదటి సగాన్నే చాలామంది మరిచిపోతారు. కొత్త సౌకర్యం చేర్చడం, తప్పు దిద్దడం, వేగం పెంచడం అవసరమైన పనులే కానీ అవి వేరు. వాటిని కూడా ఇందులో కలిపేస్తే, తర్వాత ఎప్పుడైనా బిల్లులో రూపాయి తేడా కనిపించినప్పుడు అది ఏ మార్పు వల్ల వచ్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో సిమెంటు, ఇనుప చువ్వలు, రేకులు అమ్మే ఒక దుకాణానికి రాసిన బిల్లు ప్రోగ్రామ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఊళ్లోనే ఇల్లు కడుతున్నవారికి సరుకు అమ్మితే బిల్లులో కేంద్రానికి చెందే సీజీఎస్టీ, రాష్ట్రానికి చెందే ఎస్‌జీఎస్టీ సగం సగం పడాలి; అదే సరుకును పాతపట్నం వ్యాపారికి లోడు పంపితే పన్ను మొత్తం రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ కిందనే పడాలి. ఇలాంటి ప్రోగ్రామ్‌ను మొదట ఎవరో హడావుడిగా రాసి ఇస్తారు, ఆపైన అవసరం వచ్చినప్పుడల్లా అందుబాటులో ఉన్నవారు తలా ఒక అతుకు వేస్తారు, చివరికి అది పనిచేస్తూనే ఉంటుంది గానీ ముట్టుకోవడానికి అందరికీ భయమే.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మన ప్రోగ్రామ్‌లో 28 అనే అంకెను వెతికి, కనిపించిన చోటల్లా 18గా మార్చేస్తే సరిపోతుందా? సరిపోకపోగా అసలుకే ఎసరు వస్తుంది. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ లెక్కించే చోట ఆ రేటు 14గా ఉంటుంది; అది వెతుకులాటలో జారిపోతుంది. మరోవైపు ఫిబ్రవరిలో రోజుల సంఖ్య కూడా 28, విభజనకు ముందునాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కోడ్ కూడా 28. అవేమో అనవసరంగా మారిపోతాయి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. రీఫ్యాక్టరింగ్‌తో మనం సాధించదలచింది కూడా ఇక్కడే స్పష్టమవుతుంది: ఇలాంటి మార్పు వచ్చినప్పుడు చేయి పెట్టవలసిన చోటు ఒకటే ఉండాలి.

కోడ్‌ను తాకడానికి ముందు, అది ఇప్పుడు ఏం చేస్తోందో పట్టుకుని ఉంచుకోవాలి. దానికి పాత బిల్లులే ఆధారం. ఊళ్లో అమ్మినది ఒకటి, పాతపట్నం వెళ్లినది ఒకటి, సరుకు వాపసు వచ్చినది, తగ్గింపు ఇచ్చినది, ఒకే బిల్లులో రెండు రేట్లున్నది, రేటు మారిన తేదీకి ముందుదీ తర్వాతదీ, ఇలా రకానికి కొన్ని చొప్పున ఎంచుకుని, వాటి వివరాలను ప్రోగ్రామ్‌కు ఇచ్చి, వచ్చిన ఫలితాలను ఒక ఫైలులో భద్రపరచండి. ఇకపై చేసే ప్రతి చిన్న మార్పు తర్వాతా అవే వివరాలు మళ్లీ ఇచ్చి, కొత్త ఫలితాన్ని పాతదానితో అక్షరం అక్షరం పోల్చే టెస్టును రాయండి. పాత ఫలితంలో ఏదైనా తప్పుగా కనిపించినా ఇప్పుడు దిద్దవద్దు, రాసిపెట్టుకోండి. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ అనే సాధనంలో మీ కోడ్ లేకపోతే ముందు అందులో పెట్టి, ఒక మార్పుకు ఒక కమిట్ (అంటే ఆ దశను గిట్‌లో భద్రపరచడం) అన్న పద్ధతిని పాటించండి. టెస్టు తప్పితే వెనక్కి వెళ్లవలసిన దూరం ఒక్క అడుగే అవుతుంది.

ఆ తర్వాత పేర్లతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ప్రమాదం తక్కువ, ఫలితం ఎక్కువ. ‘ఎక్స్’, ‘టెంప్2’, ‘లెక్క_కొత్త’ వంటి పేర్లు రాసినవారికి కూడా నెల తిరిగేసరికి అర్థం కావు. ‘పన్నుకు_ముందు_విలువ’, ‘సరుకు_చేరే_రాష్ట్రం’ అన్న పేర్లు చదివినవారు పక్కన వ్యాఖ్య (కోడ్‌లో రాసే వివరణ, కామెంట్) లేకపోయినా ముందుకు సాగిపోతారు. పైథాన్ 3 ప్రోగ్రామింగ్ భాషలో ఇలా తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు, కానీ మన ప్రాంతంలో నేను దాన్ని సిఫారసు చేయను. రాయగడలోనో బరంపురంలోనో ఆ కోడ్‌ను రేపు చేతికి తీసుకునేవారు ఒడియా మాధ్యమంలో చదువుకున్నవారు కావచ్చు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఇంకా ఇబ్బంది: ‘ధర’ను ఒకరు హెచ్ పెట్టి, మరొకరు పెట్టకుండా రాస్తే ఒకే విషయానికి రెండు వేరియబుళ్లు (విలువను దాచే పేర్లు) పుడతాయి. అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాటలనే వాడి, ఒక విషయానికి ప్రోగ్రామ్ అంతటా ఒకే పేరు ఉండేలా చూసుకోవడం ఉత్తమం.

ఇప్పుడు కొండవీటి చేంతాడంత ఫంక్షన్ (ఒక పని కోసం పేరు పెట్టి రాసుకున్న కోడ్ ముక్క) దగ్గరికి వద్దాం. ఇలాంటి ప్రోగ్రాముల్లో ఒకే ఫంక్షన్ కొనుగోలుదారు వివరాలు చదువుతుంది, పన్ను లెక్కిస్తుంది, సరుకు నిల్వ తగ్గిస్తుంది, బిల్లు ముద్రిస్తుంది. అందులోంచి పన్ను లెక్కను మాత్రం బయటికి తీయండి. కొత్త ఫంక్షన్‌కు అందవలసినవి నాలుగే: పన్నుకు ముందు విలువ, రేటు, అమ్మే రాష్ట్రం, సరుకు చేరే రాష్ట్రం. అది తిరిగి ఇవ్వవలసినవి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ అనే మూడు మొత్తాలు. ప్రింటర్‌ను గానీ ఫైలును గానీ అది ముట్టుకోకూడదు. బస్తా విలువ 300 రూపాయలు, రేటు 18 శాతం అనుకుంటే, రెండు రాష్ట్రాల కోడ్ 21, అంటే ఒడిశా, అయినప్పుడు 27, 27, సున్నా రావాలి. చేరే రాష్ట్రం 37, అంటే ఆంధ్రప్రదేశ్, అయినప్పుడు సున్నా, సున్నా, 54 రావాలి. ప్రింటర్‌లో కాగితం పెట్టకుండానే దీన్ని క్షణంలో పరీక్షించవచ్చు. రాష్ట్రాల కోడ్‌లకు కూడా పేర్లు పెట్టి ఒకే చోట ఉంచండి. మహారాష్ట్రలోని సిరొంచలో ఉన్న దుకాణానికి ఇదే ప్రోగ్రామ్ కావలసి వస్తే మహారాష్ట్ర 27, తెలంగాణ 36 అక్కడ చేరతాయి, లెక్క మారదు.

రేట్ల విషయంలో మరికొంచెం జాగ్రత్త కావాలి. సిమెంటుకు 18 అని ఒక్కచోట రాసినంత మాత్రాన పని పూర్తి కాదు, ఎందుకంటే 2025 ఆగస్టు నాటి బిల్లు నకలు ఎవరైనా అడిగితే అందులో 28 శాతమే, అంటే 300 రూపాయలపై 84 రూపాయలే కనిపించాలి. అందువల్ల సరుకు, అమలులోకి వచ్చిన తేదీ, రేటు అనే మూడు గడుల పట్టికను ఉంచి, బిల్లు తేదీని బట్టి రేటును వెతికే ఫంక్షన్ ఒకటి రాయండి. పాత ప్రోగ్రామ్ నకలు మీద కొత్త రేటు వేస్తూ ఉంటే, ఈ పట్టిక వల్ల బయటికి కనిపించే ఫలితం మారుతుంది. కనుక అది తప్పు దిద్దడం కిందికి వస్తుంది, దానికి వేరే కమిట్, వేరే టెస్టు ఉండాలి.

డబ్బును దశాంశ భిన్నాలుగా ఫ్లోట్‌లో, అంటే సంఖ్యను ఉజ్జాయింపుగా ఉంచే రకంలో, దాచడాన్ని సరిచేయడం కూడా ఇదే కోవలోది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. దశాంశాలను కచ్చితంగా ఉంచే డెసిమల్ రకాన్ని వాడడం, లేదా మొత్తాలను పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచడం సరైన పద్ధతి. అయితే ఈ మార్పుతో కొన్ని బిల్లుల్లో పైసా అటూ ఇటూ అవుతుంది కాబట్టి దుకాణదారుకు ముందుగా చెప్పి చేయాలి.

ఒకదానిలో ఒకటిగా నాలుగైదు మెట్లు దిగే షరతులు ఎదురైతే, ముందుగా తేల్చేయగలిగిన సందర్భాలను ఫంక్షన్ మొదట్లోనే తేల్చి, ఫలితం ఇచ్చి అక్కడితో ముగించండి. మిగిలిన కోడ్ ఎడమ అంచుకు దగ్గరగా వచ్చి సాఫీగా చదవబడుతుంది. వాడని కోడ్‌ను వ్యాఖ్యల్లో దాచకుండా తీసేయండి, గిట్‌లో అది ఎలాగూ ఉంటుంది. ‘రేటుతో గుణించాం’ అని చెప్పే వ్యాఖ్య దండగ; ఫలానా సరుకుకు మాత్రమే ఈ మినహాయింపు ఎందుకు ఉందో చెప్పే వ్యాఖ్య అవసరం. ఒకే లెక్క రెండు చోట్ల కనిపించినా వెంటనే కలిపేయవద్దు: ఆ రెండూ ఎప్పుడూ ఒకే కారణంతో మారతాయా అని చూడాలి. దుకాణం ఇచ్చే 5 శాతం తగ్గింపు, 5 శాతం పన్ను చూడడానికి ఒకే గుణకారం, కానీ ఒకటి యజమాని ఇష్టం, మరొకటి ప్రభుత్వ నిర్ణయం.

ప్రోగ్రామ్ అంతటినీ ఒకేసారి కడిగేయాలన్న ఉత్సాహం కలుగుతుంది, కానీ దాన్ని ఆపుకోవాలి. వచ్చే నెలలో పక్కన పెట్టేయబోయే ప్రోగ్రామ్‌నూ, ఏళ్ల తరబడి ఎవరికీ మార్చవలసిన పని పడని భాగాన్నీ అలాగే వదిలేయండి. రిటర్ను దాఖలు గడువు నెత్తిమీద ఉన్న వారంలో అసలే వద్దు. ఏదో ఒక మార్పు చేయవలసి వచ్చిన రోజున, ఆ మార్పుకు దారి సులువయ్యేంత మేరకు ముందు సర్ది, టెస్టులు నడిపి, కమిట్ చేసి, ఆ తర్వాతే మార్పును రాయండి.