యారోవర్స్ తర్వాతి కథ రాస్తున్నారా? ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

2012 అక్టోబరులో 'యారో' అనే అమెరికన్ సూపర్ హీరో టీవీ సిరీస్‌తో మొదలైన కథ 2023 మే 24న 'ది ఫ్లాష్' చివరి ఎపిసోడ్‌తో ముగిసింది. మధ్యలో సూపర్‌గర్ల్, లెజెండ్స్ ఆఫ్ టుమారో, బ్లాక్ లైట్నింగ్, బ్యాట్‌వుమన్ వచ్చి చేరాయి. ఆరు సిరీస్‌లు, ఒకటే లోకం. దాన్నే యారోవర్స్ అంటారు. టీవీలో ఆగింది గానీ హన్మకొండలో ఆగలేదు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందని రాసేవాళ్లున్నారు. అదే పద్ధతిలో వరంగల్‌కు ఒక హీరోని, రామగుండానికి ఒకరిని, భూపాలపల్లికి ఒకరిని పెట్టి సొంత లోకం అల్లుకునేవాళ్లూ ఉన్నారు. ఇలాంటివి చదువుతుంటే అవి పాడయ్యే తీరు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఈ పట్టీ. మీ కథలో ఏ లక్షణం కనిపిస్తే అక్కడికి వెళ్లి చదవండి.

అన్నిటికీ ముందు ఒక పని చేయాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది ఒకటి పెట్టుకుని, పాత కథ ఎవరికి ఏం బాకీ పడిందో రాయండి. ఎవరికి మాట ఇచ్చి తప్పారు, ఎవరి చావుకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఏ పాత్రని మధ్యదారిలో వదిలేశారు. తర్వాతి కథ ఆ పుస్తకంలోంచి రావాలి. కొత్త విలన్ కోసం ఆకాశంలోకి చూసే ముందు అందులోకి చూడండి.

"విలన్ పెద్దవాడవుతున్నాడు, టెన్షన్ మాత్రం తగ్గుతోంది"

అందరికంటే ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. మొదటి కథలో వీధి రౌడీ, రెండో దాంట్లో నగరాన్ని పట్టుకున్నవాడు, మూడోదానికి గ్రహం, నాలుగోదానికి విశ్వం. ఐదో కథకు రాసేవాడి చేతిలో ఏమీ మిగలదు.

కారణం ఏమిటంటే, పోయేది ఎంత పెద్దదన్నది చదివేవాడికి పట్టదు, అది తనకు తెలిసినదేనా అన్నదే పడుతుంది. 'యారో' మొదటి సీజన్ చూడండి. మాల్కమ్ మెర్లిన్ కూల్చాలనుకున్నది గ్లేడ్స్ అనే ఒక్క పేదల పేట. హీరో ఆలివర్ వాడిని ఓడించాడు, అయినా పేటలో సగం కూలింది. స్నేహితుడు టామీ శిథిలాల కింద చనిపోయాడు. 2019 డిసెంబరులో మొదలైన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్'లో లెక్కలేనన్ని లోకాలు తుడిచిపెట్టుకుపోయాయి. వాటిలో ఎంతమంది పేర్లు మనకు గుర్తున్నాయి? గుర్తున్నది ఆలివర్ ఒక్కడే, ఎందుకంటే ఎనిమిది సీజన్లు అతనితో నడిచాం.

చేయాల్సింది: ప్రమాదాన్ని చదివేవాడికి అడ్రసు తెలిసిన చోటికి దించండి. 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీల్లో నీళ్లు ఎలా నిలిచాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నయీంనగర్ నాలా పక్క సందులో రాత్రి రెండింటికి నీళ్లు గడప దాటాయనీ, మీ హీరో ఒక్క ఇంటికే వెళ్లగలడనీ రాయండి. వెళ్లని ఇల్లు ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. తర్వాతి కథలో ఆ ఇంటివాళ్లు ఎదురుపడాలి. వాళ్లని విలన్లుగా మార్చాల్సిన పని లేదు, ఆర్టీసీ బస్సులో ఎదురు సీట్లో కూర్చుంటే చాలు.

"ఎవరు చచ్చినా చదివేవాళ్లు పట్టించుకోవట్లేదు"

తిరిగొచ్చే తలుపులు మూడు తెరిచి పెట్టారు కాబట్టి. చచ్చినవాళ్లని లేపే లాజరస్ పిట్ అనే గుంట ఒకటి, కాలప్రయాణం రెండోది, వేరే భూమి మీద అదే ముఖంతో ఉన్న మనిషి మూడోది. 'యారో'లో సారా లాన్స్ 2014లో చనిపోయింది, మరుసటి ఏడాది లేచొచ్చి, తర్వాత కాలంలో తిరిగే లెజెండ్స్ జట్టుకు కెప్టెన్ అయింది. నాకు సారా పాత్ర ఇష్టమే. కానీ ఆమె లేచిన రోజు నుంచి ఆ లోకంలో చావుకు విలువ తగ్గిందన్నదీ నిజమే.

అదే కుటుంబంలో మంచి ఉదాహరణ కూడా ఉంది. అక్క లారెల్ 2016లో చనిపోయింది. తర్వాత రెండో భూమి నుంచి అదే ముఖంతో బ్లాక్ సైరన్ వచ్చింది. ఆమె హంతకురాలు. తండ్రి క్వెంటిన్‌కు ఈమె తన బిడ్డ కాదని తెలుసు, తెలిసే మనిషిని చేయాలని చూశాడు. చివరికి ఆమెకు తగలాల్సిన తూటా తనకు తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. పోయినవాళ్లని తెచ్చే దారి ఇది: ముఖం వస్తుంది, మనిషి రాదు.

రాసే ముందు మీ లోకానికి ఒకే తలుపు ఉంచుకోండి. దాని వెల ఏమిటో, ఎవరు కట్టాలో మొదటి అధ్యాయంలోనే చెప్పేయండి. వెల కట్టేవాడు హీరో అయితే సగం పనే. పక్కింటివాళ్లు కట్టాల్సి వస్తే కథ నడుస్తుంది. శివనగర్‌లో ఒక తల్లి ఇంటికి రెండేళ్ల కింద పోయిన కొడుకు వచ్చాడనుకోండి. అన్నం పెడుతుంది. వాడు చింతకాయ తొక్కు పక్కకు నెడతాడు. ఆమె ఏమీ అనదు, రెండో ముద్దకు మళ్లీ వేస్తుంది, వాడు మళ్లీ నెడతాడు. ఇక ఏ పోర్టల్ గురించీ వివరించక్కర్లేదు.

"టైమ్‌లైన్ చిక్కుపడింది, నాకే అర్థం కావట్లేదు"

ఫ్లాష్ మొదటి ఎపిసోడ్‌లో ఒక వార్తాపత్రిక కనిపిస్తుంది. తేదీ 2024 ఏప్రిల్ 25, ఫ్లాష్ మాయమయ్యాడని వార్త. పదేళ్ల ముందే వేసిన మేకు అది. తర్వాత ఆ తేదీని 2019 డిసెంబరు 10కి జరిపారు, ఎందుకంటే క్రైసిస్‌ను అప్పుడు తీయాల్సి వచ్చింది. జరిపారు సరే, జరిగిందని కథలోనే ఒప్పుకున్నారు. మనవాళ్లు చాలామంది ఆ ఒప్పుకోలు దగ్గరే దొంగచూపులు చూస్తారు.

చిక్కుకు అసలు కారణం కాలప్రయాణం కాదు. మారిన సంగతి ఏ పాత్రకు తెలుసు, ఎవరికి తెలియదు అన్న లెక్క రాసుకోకపోవడం. ఒక రిజిస్టరు తీసుకుని మూడు గళ్లు గీయండి: తేదీ, ఏం మారింది, ఎవరికి గుర్తుంది. మూడో గడే ముఖ్యం. 2016లో బారీ (అతనే ఫ్లాష్) తన తల్లిని బతికించడానికి గతంలోకి వెళ్లి, తిరిగొచ్చేసరికి లోకమంతా అక్కడక్కడా మారిపోయింది. వాటిలో నన్ను కదిలించింది ఒక్కటే: ఆలివర్ జట్టులోని డిగిల్‌కు ఉండాల్సిన కూతురు సారా లేదు, ఆమె చోట కొడుకు జాన్ ఉన్నాడు. డిగిల్‌కు కూతురి జ్ఞాపకమే లేదు, బారీకి ఉంది. లోకాలు కూలినా రాని బరువు ఆ మూడో గడిలోంచి వచ్చింది.

"క్రాసోవర్ రాస్తే పెళ్లి పిలుపులా ఉంది: అందరూ వచ్చారు, తిన్నారు, పోయారు"

క్రాసోవర్ అంటే వేర్వేరు కథల హీరోలు ఒకే కథలో కలవడం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే కలిసిన లోకం రాయడంలో అసలు రుచి ఇదే.

కారణాలు రెండు. ఒకటి, కలవడానికి అవసరం లేకపోవడం. హీరో ఫోన్ చేస్తే మిగతా ముగ్గురు వచ్చేస్తారు, వాళ్లకు వేరే పనే లేనట్టు. రెండు, వెనక్కి వెళ్లాక వాళ్ల వాళ్ల కథల్లో ఏమీ మారకపోవడం. 2016లో 'ఇన్వేజన్' అని నాలుగు రాత్రుల పండుగలా ప్రచారం చేశారు. సూపర్‌గర్ల్ ఎపిసోడ్‌లో ఆ కథ చివర్లో కాసేపు కనిపించి ఊరుకుంది. మరుసటి ఏడాది 'క్రైసిస్ ఆన్ ఎర్త్-ఎక్స్' మాత్రం లెక్క సరిచేసింది. అందరూ రావడానికి కారణం బారీ, ఐరిస్‌ల పెళ్లి. పెళ్లికి రావడానికి వేరే కారణం అక్కర్లేదు కదా. ఆ పోరాటంలో లెజెండ్స్ జట్టులోని ప్రొఫెసర్ స్టైన్ చనిపోయాడు. దాని ఫలితంగా అతనితో కలిసి ఒకే హీరోగా మారే జెఫర్సన్ కొద్దిరోజులకే లెజెండ్స్‌ను వదిలి వెళ్లిపోయాడు. అతిథులుగా వచ్చినవాళ్ల ఇంట్లోనే నష్టం జరిగింది.

మన దగ్గర దీనికి సిద్ధంగా ఉన్న సందర్భం మేడారం. రెండేళ్లకోసారి, మాఘంలో, ఎవరూ ఎవరినీ పిలవకుండానే ఉత్తర తెలంగాణ అంతా ములుగు అడవిలోకి కదులుతుంది. భూపాలపల్లి సింగరేణి హీరో మొక్కు తీర్చుకోవడానికి ఇంటివాళ్లతో వస్తాడు. రామగుండం కరెంటు ప్లాంటు అమ్మాయి పోయినసారి తప్పిపోయిన తమ్ముడిని వెతకడానికి వస్తుంది. వరంగల్ హీరో డ్యూటీ మీద వస్తాడు. ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చే సాయంత్రానికి ముగ్గురూ గద్దెల చుట్టుపక్కలే ఉంటారు.

ఇందులో ఇంకో లాభం ఉంది. జనమే వాళ్ల శక్తులకు అడ్డం. వేగంగా పరిగెత్తేవాడు జంపన్నవాగు ఒడ్డున ఒక్క అడుగు వేయలేడు, వేస్తే నలుగురు కింద పడతారు. దూరపు మాటలు వినగలిగే అమ్మాయికి లక్షల గొంతులు ఒకేసారి వినిపిస్తాయి, తమ్ముడి గొంతు మాత్రం వినపడదు. ఫోన్లకు సిగ్నల్ ఉండదు. శక్తి ఉన్నవాళ్లు మామూలు మనుషుల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడవాల్సి వస్తుంది. అలా చెయ్యి పట్టుకున్నప్పుడే ఒకరి గుట్టు ఒకరికి తెలియాలి.

"ఏందన్నా, నీ చెయ్యి ఇంత కాలుతుంది?"

"జ్వరమమ్మా. నువ్వు నడువు."

"జ్వరం కాదది. నేను రోజూ కరెంటు దగ్గర పనిచేస్తా."

ఒక జాగ్రత్త. సమ్మక్క సారలమ్మలను మీ సూపర్ హీరోలుగా చేయకండి, వాళ్ల పేరుతో పవర్ పంచకండి. అవి కోట్లమంది కొలిచే దేవతల పేర్లు. మీ పాత్రలు బెల్లం మోసుకెళ్లే భక్తులుగా ఉంటే సరిపోతుంది, కథకూ అదే అందం.

జాతర వద్దనుకుంటే కాజీపేట జంక్షన్ ఉంది. ఢిల్లీ-చెన్నై లైను, సికింద్రాబాద్ లైను కలిసే చోటు. అర్ధరాత్రి రైలు లేటైతే ఎవరు ఎవరిని కలిసినా అనుమానం రాదు. కానీ అక్కడ కలిసినవాళ్లు విడిపోయేటప్పుడు తలా ఒక నష్టం మూటగట్టుకుని వేర్వేరు రైళ్లు ఎక్కాలి. నష్టం లేనివాడు ప్లాట్‌ఫామ్ మీదకు రాకపోయినా పర్వాలేదు.

"హీరోకి పవర్ ఎక్కువైపోయింది"

పవర్ తగ్గించకండి, అది మోసంలా ఉంటుంది. పవర్‌తో తేలని సమస్య ఇవ్వండి. అంత వేగం ఉన్న బారీ కూడా ఐరిస్‌కు నిజం చెప్పలేక మొదటి సీజన్ దాదాపు అంతా దాచాడు, చివరికి ఆమే కనిపెట్టింది. సింగరేణి హీరోకి షిఫ్టులు ఉంటాయి, నాగా పెడితే జీతం కోస్తారు. ఆలివర్ కోటీశ్వరుడి కొడుకు, మీ హీరో కాదు. డ్రెస్సు ఎవరు కుట్టారు, డబ్బు ఎవరిచ్చారు అన్నది కూడా ఒక అధ్యాయానికి సరిపడా కథే.

"ముఖ్యమైన పాత్రని వదిలేయాల్సి వచ్చింది"

కలిసి రాసే గుంపుల్లో ఇది తరచూ వస్తుంది. ఒకరికి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతారు, వాళ్ల పాత్ర అనాథవుతుంది. బ్యాట్‌వుమన్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ప్రధాన నటి మొదటి సీజన్ తర్వాత వెళ్లిపోయింది. వెంటనే అదే పాత్రకు వేరే ముఖం పెట్టకుండా, రయన్ వైల్డర్ అనే కొత్త మనిషికి ఆ సూట్ దొరికేలా చేశారు. మొదటి బ్యాట్‌వుమన్ కేట్ డబ్బున్న ఇంటి పిల్ల. రయన్ వ్యాన్‌లో బతుకుతూ, చేయని నేరానికి జైలుకెళ్లొచ్చిన మనిషి. ఒకే సూట్ ఇద్దరికీ వేరే బరువు. మీరూ పాత్రని కాకుండా దాని పనిని మరొకరికి అప్పగించండి, వీలైతే ఆ పనికి అస్సలు సరిపోరనిపించే మనిషికి.

"ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు"

టీవీవాళ్లు మిగిల్చిన బాకీలు చాలానే ఉన్నాయి. నా లెక్కలో పెద్దది లెజెండ్స్‌ది. 2022లో ఏడో సీజన్ చివర్లో జట్టుని కాలనేరాల కింద అరెస్టు చేశారు, ఆ తర్వాత సిరీస్ రద్దయింది. వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. రాసేవాళ్లందరూ మొదటి పేజీలోనే జైలు గోడ బద్దలుకొట్టి బయటికి తెస్తున్నారు. తొందరెందుకు? విచారణ జరగనివ్వండి. ఏడు సీజన్లలో వాళ్లు చరిత్రని నిజంగానే ఎన్నోసార్లు చెడగొట్టారు, సాక్షులు దొరుకుతారు. సారా బోనులో నిలబడి చేసింది ఒప్పుకుంటే, అది ఏ పోరాటానికీ తీసిపోదు.

రెండోది ఫ్లాష్ చివరి ఎపిసోడ్‌లో ఉంది. బారీ తన వేగాన్ని ఏవరీ హో, మ్యాక్స్ మెర్క్యురీ, జెస్ చేంబర్స్ అనే ముగ్గురికి పంచాడు. వాళ్లలో ఎవరినీ అడగలేదు. అడగకుండా ఇచ్చిన శక్తిని వద్దనే మనిషి కథ ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదని నా అభిప్రాయం. 'యారో' చివర డిగిల్ తెరిచిన పెట్టెలో ఆకుపచ్చ వెలుగు మీద మాత్రం కొత్తగా రాయకపోవడమే మేలు. దాని మీద ఇప్పటికే ఎక్కువ కాగితం ఖర్చయింది.

"కథ ముగియట్లేదు"

ప్రతి అధ్యాయం రెండు కొత్త ప్రశ్నలు తెరుస్తుంటే ఇలాగే అవుతుంది. యారో బృందం 2019 మార్చిలోనే, ఎనిమిదో సీజన్ చివరిదని, పది ఎపిసోడ్లేనని ప్రకటించింది. ఏడో సీజన్ ముగిసేసరికి ఆలివర్‌కు తన చావు సంగతి తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. తెలిశాక కూడా, తెలిసినందుకే చూశారు.

మీరూ తేదీ ముందే వేసుకోండి. తర్వాతి జాతర 2028లో. ఈలోగా ముగ్గురు హీరోలకు తలా ఒక కథ, తలా ఒక బాకీ. కొత్త ప్రశ్న తెరిచే ప్రతి అధ్యాయంలో పాతది ఒకటి మూయండి. మాఘం వచ్చేసరికి ఎవరి ఖాతాలో ఏమీ మిగల్లేదనిపిస్తే, ఆ హీరోని హన్మకొండలో మేడారం బస్సు ఎక్కించకండి.