రోజుకు పావుగంటతో గొప్ప పుస్తకాలు చదవడం ఎలా?

చార్లెస్ ఎలియట్ 1869 నుంచి 1909 దాకా హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. కాలేజీ గడప తొక్కనివాళ్లు కూడా, అయిదడుగుల అరలో పట్టే పుస్తకాలను రోజుకు పావుగంట శ్రద్ధగా చదివితే మంచి చదువు అబ్బుతుందని ఆయన ఉపన్యాసాల్లో చెబుతుండేవారు. ఆ మాట పట్టుకుని కోలియర్ అనే ప్రచురణ సంస్థ ఆయన చేతే ఎంపిక చేయించి, 1909-10లో 50 సంపుటాల ‘హార్వర్డ్ క్లాసిక్స్’ తెచ్చింది. కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పరీక్ష పాసైన రోజే పుస్తకం మూసేసిన వాళ్లు ఇది తప్పకుండా మొదలుపెట్టాలని నా కోరిక.

1. ఒక చిన్న రచన ఎంచుకోండి

మొదటి సంపుటం నుంచి వరసగా వెళ్లకండి. పదోది ఆడమ్ స్మిత్ ఆర్థికశాస్త్రం, పదకొండోది డార్విన్ జీవపరిణామం. అక్కడే ఓపిక అయిపోతుంది. ఏ తేదీన ఏ భాగం చదవాలో చెప్పే పట్టిక కూడా ఈ సంపుటాలకు ఉంది. రుచి చూడటానికి అది బాగానే ఉంటుంది కానీ, నిన్న చదివినదానికీ ఇవాళ్టిదానికీ పొంతన ఉండదు. ఒక్క రచన పట్టుకుని, అది అయ్యేదాకా వదలకపోవడమే మేలు.

2. ‘క్రిటో’తో మొదలుపెట్టండి

రెండో సంపుటంలో ఉంది, ప్రాచీన గ్రీకు తత్వవేత్త ప్లేటో సంభాషణగా రాసింది. కొద్ది పేజీలే. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానం ప్లేటో గురువైన సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది. ఇంకా తెల్లవారకముందే స్నేహితుడు క్రిటో జైలుకొచ్చి, హాయిగా నిద్రపోతున్న సోక్రటీస్‌ను లేపకుండా పక్కనే కూర్చుంటాడు. తప్పించడానికి డబ్బు సిద్ధంగా ఉంది, థెస్సలీ అనే ప్రాంతంలో ఆశ్రయమిచ్చేవాళ్లున్నారు, నీ పిల్లల గతేమిటి అని బతిమాలతాడు. మొదటి రోజు ఇక్కడ ఆపండి. క్రిటో మాట ఎక్కడ తప్పో మీరే ఆలోచించండి. నాకైతే ఎప్పుడు చదివినా అతనిదే న్యాయమనిపిస్తుంది.

రెండో రోజు సోక్రటీస్ జవాబు. అన్యాయానికి బదులుగా కూడా అన్యాయం చేయకూడదంటాడు. మూడో రోజు ఏథెన్స్ చట్టాలే మనుషుల్లా వచ్చి నిలదీస్తాయి: డెబ్బై ఏళ్లు ఇక్కడే ఉన్నావు, నచ్చకపోతే వెళ్లిపోవచ్చుగా, ఇప్పుడు మమ్మల్ని కాదని పారిపోతావా? నాలుగో రోజు కొత్తది తెరవకుండా మొత్తం మళ్లీ చదవండి. చదువంటూ వచ్చేది ఈ రెండోసారే.

3. ఫ్రాంక్లిన్ చేసినట్టు రాయండి

అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదేళ్లకే బడి మానేశాడు. అన్న ప్రెస్‌లో పని నేర్చుకుంటూ, నచ్చిన వ్యాసంలోని ఒక్కో వాక్యానికి క్లుప్తంగా గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, పుస్తకం చూడకుండా తన మాటల్లో మళ్లీ రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఆయన ఆత్మకథ మొదటి సంపుటంలోనే ఉంది. మీరు అంత చేయక్కర్లేదు. చదివిన వాదనను మర్నాడు పుస్తకం మూసి, నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయండి. రాయలేకపోతే ఆ పేజీ అర్థం కాలేదన్నమాట. టెన్షన్ పడొద్దు, మళ్లీ చదవండి.

4. మన పుస్తకం పక్కన పెట్టుకోండి

ఎలియట్ అరలో మన దేశానికి దక్కింది చాలా తక్కువ: 45వ సంపుటంలో బౌద్ధ రచనలు, భగవద్గీత. ఆ లోటు మనమే పూడ్చుకోవాలి. ‘క్రిటో’ అయ్యాక తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణ రాయబారం చదవండి. అధర్మం జరుగుతుంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకు అది చేటంటాడు కృష్ణుడు కౌరవసభలో. సోక్రటీస్ తనకు జరిగిన అన్యాయాన్ని ఓర్చుకుంటాడు. ఇద్దరూ ధర్మం గురించే మాట్లాడుతున్నారు కదా, మరి ఎక్కడ కలుస్తారు, ఎక్కడ విడిపోతారు? దీనిమీద వారం రోజులు గడిపినా ఎక్కువేం కాదు. పద్యం కష్టమైతే తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకోండి.

5. వేళ

ఏదో ఒక వేళ ఖాయం చేసుకుని, ఫోన్ వేరే గదిలో పెట్టండి. రెండు రోజులు తప్పితే ఆ పేజీలన్నీ ఒకేసారి చదవాలని చూడకండి. ఆగినచోట నుంచే సాగండి. ‘క్రిటో’ తర్వాత సోక్రటీస్ చివరి రోజు చెప్పే ‘ఫీడో’ అదే సంపుటంలో ఉంది. కాస్త పెద్దది, రెండు వారాలు పట్టొచ్చు.