వానల నుంచి పెద్ద పండగ దాకా ఇంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

నెల్లూరులో చలికాలం అంటే స్వెట్టర్ల కాలం కాదు. డిసెంబరు తెల్లవారుజామున కూడా చాలా ఇళ్లల్లో ఫ్యాను ఒకటో నంబరులో తిరుగుతూనే ఉంటుంది. మనకు ఈ నెలల్లో ఇబ్బంది చలితో కాదు, చెమ్మతో. ఏడాది మొత్తం మీద జిల్లాలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే, ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. సరిగ్గా అప్పుడే దీపావళి, కార్తీకం, క్రిస్మస్, ధనుర్మాసం, ఆ వెంటనే పెద్ద పండగ. ఇల్లు తడిసి ముద్దయ్యే రోజులూ, ఇల్లు కళకళలాడాల్సిన రోజులూ ఒకటే అయిపోయాయి. అందుకే చాలామంది ముందు రంగులు వేయించి, మిద్దె కారుతున్న సంగతి తర్వాత చూస్తారు.

నేనూ అదే చేశాను. ఒక ఏడాది డిసెంబరు మొదట్లో వాయుగుండం దాటిపోయి, రెండు రోజులు ఎండ కాయగానే హాలుకు మీగడ రంగు వేయించాను. పెయింటింగ్ మేస్త్రి వద్దనే అన్నాడు. "గోడ తాగిన నీళ్లు గోడే కక్కాల గదా సార్, కొన్నాళ్లు ఆగండి" అన్నాడు. చుట్టాలు వస్తున్నారన్న టెన్షన్‌లో నేను వినలేదు. భోగి నాటికి సోఫా వెనక గోడ అప్పడంలా ఉబ్బింది. మా మేనత్త కాఫీ తాగుతూ ఒక పొక్కును వేలితో నొక్కి చూసింది. అరచేతి వెడల్పు పెచ్చు ఊడి, ముక్కలు నేరుగా ఆమె గ్లాసులో పడ్డాయి. "ఏందిరా అబ్బయ్యా, గోడకు అమ్మవారు పోసిందా?" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో వరస మారింది. పై నుంచి కిందికి, బయటి నుంచి లోపలికి. రంగు అన్నిటికన్నా ఆఖరున.

మొదట మిద్దె

ఈ పని హస్త కార్తె రాకముందే, అంటే సెప్టెంబరు నెలాఖరు లోపు అయిపోవాలి. స్వాతి, విశాఖ కార్తెల్లో మేస్త్రీ దొరకడు, దొరికినా సిమెంటు ఆరదు.

మిద్దె ఊడ్చి, తూముల్లో ఇరుక్కున్న వేపాకు, బాదం ఆకు చేత్తో తీసేయండి. తర్వాత తూముకు దూరంగా ఉన్న మూల నిలబడి, రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడితే చాలు, వాటం బాగుందో లేదో తెలిసిపోతుంది. అరగంట తర్వాత కూడా ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. కింద గదిలో చెమ్మ మచ్చ సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. సాధారణంగా అన్నాను, ఎందుకంటే నీళ్లు పగులులో దిగి, స్లాబు లోపల పాకి, ఇంకెక్కడో బయటపడటం కూడా మామూలే.

పిట్టగోడా మిద్దే కలిసే మూలను వదలకుండా చూడండి. ఎక్కువ ఇళ్లల్లో నీళ్లు దిగేది అక్కడి నుంచే. పగులు మీద సిమెంటు పాలు పూసేస్తే సరిపోతుందనుకుంటారు. అది ఒక వానకు ఆగుతుంది, మరుసటి ఎండకు మళ్లీ విచ్చుకుంటుంది. పగులును ఉలితో కాస్త వెడల్పు చేయించి, దుమ్ము లేకుండా కడిగించి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన మాలుతో నింపించాలి. ఆరాక పైన వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు. పనయ్యాక తూము మూసి, ఒక రోజంతా నీళ్లు కట్టి చూడందే మేస్త్రికి పూర్తి డబ్బు ఇవ్వకండి. మొహమాటపడాల్సిన చోటు కాదిది.

ఇది చదివేసరికే అక్టోబరు వచ్చేసిందా? అయితే తూములు శుభ్రం చేసి, పగులు మీద మంచి పట్టా పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టండి. ఈ ఏడాదికి అంతే. మిగతాది ఎండాకాలంలో.

తుఫాను కబురు వచ్చినప్పుడు

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నది పక్క కాలనీల్లో బీరువాలు మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు, ఒంగోలు వైపు కూడా కుండపోత కురిసింది. పల్లపు వీధిలో ఉండేవాళ్లు పట్టాదారు పుస్తకాలు, సర్టిఫికెట్లు, ఇన్‌స్యూరెన్స్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి అటక మీదికి చేర్చండి. మిద్దె మీది నీళ్ల ట్యాంకు నింపేయండి, మూత తాడుతో కట్టండి. నిండు ట్యాంకు గాలికి కదలదు, కరెంటు పోయినా రెండు రోజులు నీళ్లుంటాయి. పూలకుండీలు పిట్టగోడ మీది నుంచి దించండి. అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో పెడితే మెత్తబడదు.

వాన నెలల్లో ఇంటి లోపల

ఇక్కడ కొన్ని పనులు చేయకపోవడమే పని.

తలుపు బిగుసుకుందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చెక్క చెమ్మ పీల్చుకుని ఉబ్బింది, అంతే. ఇప్పుడు చెక్కిస్తే మార్చి నెలకు తలుపుకూ గడపకూ మధ్య బల్లి దూరేంత సందు వస్తుంది. అంచుకు కొవ్వొత్తి ముక్కో, ఎండిన సబ్బో రుద్ది సంక్రాంతి దాకా నెట్టుకు రండి.

బీరువాను గోడకు ఆనించి పెట్టొద్దు. జానెడు ఎడం ఉంచితే వెనక గాలి ఆడుతుంది. కాళ్ల కింద తలా ఒక కడప బండ ముక్క పెడితే నేల చెమ్మా అంటదు. వాన పడుతున్నప్పుడు కిటికీలు బార్లా తెరిచి "గాలి రానీ" అనుకోవడం పొరపాటు. వచ్చేది తడిగాలే. ఎండ పొడ కనిపించిన మధ్యాహ్నం కిటికీలు, బీరువా తలుపులు, చెప్పుల స్టాండు అన్నీ ఒక గంట తెరిచి ఫ్యాన్లు వేయండి. తడిబట్టలు ఇల్లంతా దండేలు కట్టి ఆరబెట్టకుండా ఒకే గదిలో ఆరేసి, ఆ గది ఫ్యాను, కిటికీ వాడుకోండి. లేకపోతే బట్టల్లోని నీళ్లన్నీ గోడలే తాగుతాయి.

వెంకటగిరి చీరలుంటే వాటిది వేరే లెక్క. జరీకి కలరా ఉండలు తగలకూడదు, నల్లబడుతుంది. పాత మెత్తటి పంచె గుడ్డలో చుట్టి, నెలకోసారి మడత మార్చి పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుంది. పసిపిల్లల బట్టల్లో కూడా కలరా ఉండలు వద్దు, ఆ ఆవిరి వాళ్లకు మంచిది కాదు. వాటి మధ్య ఎండిన వేపాకు చాలు.

గోడ మీద నల్లటి బూజు కనిపిస్తే పొడి చీపురుతో దులపకండి, అది గది అంతా ఎగురుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. మొండి మచ్చలకు పలచటి బ్లీచింగ్ నీళ్లు వాడొచ్చు. అందులో బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం చుక్క కూడా కలపొద్దు. విషవాయువు వస్తుంది.

ఇంకో చిన్న పని. గోడ మీద చెమ్మ మచ్చ ఎక్కడ కనిపించినా దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారం తర్వాత మచ్చ గీత దాటిందంటే నీళ్లు ఇంకా దిగుతున్నాయి. గీత లోపలికి తగ్గిందంటే గోడ ఆరుతోంది.

పరుపులు, బొంతలు

బూరుగు దూది పరుపు చెమ్మకు ఉండలు కడుతుంది. ఎండ వచ్చిన రోజే మిద్దె మీద వేసి, మధ్యలో ఒకసారి తిప్పి, కర్రతో కొట్టి, ఎండ ఉండగానే కిందికి తేవాలి. సాయంత్రం దాకా వదిలేస్తే మంచుకు మళ్లీ చెమ్మెక్కుతుంది. నేల మీద పడుకునేవాళ్లు పరుపు కింద తుంగచాప వేసుకోండి. రబ్బరు అడుగున్న కార్పెట్లు ఈ నెలల్లో చుట్టి అటకెక్కించడమే మేలు, వాటి కింద బండ మీద చెమటలా నీళ్లు చేరతాయి.

మన తీరానికి రగ్గు ఎక్కువ, దుప్పటి తక్కువ. మధ్యలో సరిపోయేది బొంత. మా అమ్మ ప్రతి నవంబరులో, కరెంటు లేని మధ్యాహ్నాల్లో ఒకటి కుట్టేది. గంజి పోయేలా ఉతికిన రెండు పాత నూలు చీరలు చాలు. ఒక్కో చీరను పొడుగు వైపు సగానికి మడిచి, ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలొస్తాయి. ఒక మనిషికి సరిపోయే వెడల్పు. ఎక్కువ మెత్తగా ఉన్న చీర ఒంటికి తగిలే వైపు రావాలి. నాలుగు మూలలా చెంబులు పెట్టి ముడతలు లేకుండా లాగి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. అసలు కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావాలి, వరసకూ వరసకూ నాలుగు వేళ్ల ఎడం. అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా మధ్యకు పోగై బుడగలా లేస్తుంది. నేను కుట్టిన ఒకే ఒక్క బొంత అలాగే లేచింది. అది ఇప్పుడు స్కూటర్ మీద కప్పుతున్నాం.

గిద్దలూరు, మార్కాపురం, కంభం వైపు వాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు. నల్లమల అంచున రాత్రులు నిజంగానే వణికిస్తాయి. అక్కడ సాయంత్రం ఐదున్నరకే కిటికీలు మూసి, మందపాటి పరదాలు దించితే పగటి వేడి కొంత నిలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దీపాలు, స్టార్లు

మట్టి ప్రమిదలను రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే నూనె అంతగా తాగవు. కార్తీకమంతా వెలిగించేవాళ్లకు ఇది చిన్న ఆదా కాదు. క్రిస్మస్ స్టారు కాగితందైతే వరండా కప్పు కిందే కట్టండి, ప్లాస్టిక్‌దైతే ఆరుబయట కట్టొచ్చు గాని లోపలి బల్బు హోల్డరులోకి వాన దిగకూడదు. సీరియల్ లైట్ల జాయింట్లు నేల మీదో, ఇనుప గ్రిల్ మీదో వదలకండి. తడి గ్రిల్‌కు షాక్ కొట్టడం మా వీధిలోనే చూశాను.

పండగ ముందు రెండు వారాలు

ఇప్పుడు రంగు మాట. ముందు పరీక్ష. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. మరుసటి రోజు చూడండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు ఉంటే గోడ ఇంకా ఆరలేదు. పొడిగా ఉంటే రంగు వేయొచ్చు. ఒక్క చోట చూసి తృప్తి పడకుండా, కింది భాగంలో ఒకటి, కిటికీ పక్కన ఒకటి అంటించండి.

ఆరని గోడకు ప్లాస్టిక్ పెయింటు వేస్తే మా మేనత్త కాఫీ గతే. ఆ ఒక్క గోడకు వెల్ల వేయండి. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది, దాని ఘాటుకు బూజు అంత తొందరగా పట్టదు. సున్నపు రాళ్లను ఇనుప డ్రమ్ములో నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతాయి. పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ప్లాస్టిక్ బకెట్ వాడొద్దు. మర్నాడు పలచటి గుడ్డలో వడకట్టి, పాలంత పలచగా చేసి, గుప్పెడు ఉప్పు, పిసరు నీలిమందు కలపాలి. వేసేటప్పుడు నీళ్లలాగే కనిపించి "ఏమీ పట్టలేదే" అనిపిస్తుంది. తొందరపడి చిక్కగా చేయకండి. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. పలచగా మూడు పూతలు. పాత పెయింటు మీద సున్నం నిలవదు కాబట్టి ముందు గీకించాలి.

బూజు కర్ర పని రంగు కన్నా ముందే. పరదాలు, కుషన్ కవర్లు మాత్రం రంగు ఆరాక మార్చండి. కొత్త ఫర్నిచర్ కొనే ఆలోచన ఉంటే ప్లైవుడ్ కన్నా టేకో, వేపో, ఇనుమో చూడండి. అడుగు భాగం నేలకు ఆనని, కాళ్లున్న బల్లలే మన ఇళ్లకు నప్పుతాయి. వంటింట్లోకి ఉదయగిరి చెక్క గరిటెలు తెచ్చుకుంటే కడిగాక నీడన ఆరబెట్టి అప్పుడప్పుడు కాస్త నూనె రాయండి.

వాకిలి చెప్పక్కర్లేదు, మీకు నాకన్నా బాగా తెలుసు. బురద వాకిలైతే నాలుగు తట్టల ఎర్రమన్ను పోసి చదును చేసి, కళ్లాపి చల్లాక తడి కొద్దిగా ఇంకనిచ్చి ముగ్గు వేయండి, గీత చెదరదు. భోగి మంటలో పాత చెక్క సరే గాని ప్లైవుడ్, రంగు వేసిన తలుపు ముక్కలు, టైర్లు వద్దు.

కనుమ నాడు గొబ్బెమ్మలతో పెన్నా ఒడ్డున ఏటి పండుగకు బయల్దేరే హడావుడిలో ఇవన్నీ మర్చిపోతాం. అందుకే రంగు వేయించే ముందే గోడల మీది పెన్సిల్ గీతలన్నీ, తేదీలు కనపడేలా, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఏప్రిల్లో మిద్దె పనికి వచ్చిన మేస్త్రి "ఎక్కడ సార్ కారింది?" అని మొదట అడుగుతాడు. అప్పటికి గోడ పాలరాయిలా ఉంటుంది.