ఉప్పుగాలిలో ఆరు గొంతుల వాద్యం: విశాఖలో అనలాగ్ పాలీసింథ్‌ను కొనడం, కాపాడుకోవడం, పలికించడం

కచేరీకి ముందు వైణికులు శ్రుతి చేసుకుంటే దానిని ఎవరూ వీణలోని లోపంగా భావించరు. పెద్ద మొత్తం పోసి కొన్న సింథసైజర్ స్విచ్ వేసిన వెంటనే కొద్దిగా అపశ్రుతి పలికితే మాత్రం యంత్రం చెడిపోయిందని కంగారుపడి సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తారు. అనలాగ్ పాలీఫోనిక్ సింథసైజర్ కూడా గదిలోని వేడికి, గాలిలోని తేమకు స్పందించే వాద్యమేనని ముందుగా గ్రహించిన వారికి విశాఖపట్నంలో దానితో కాపురం చేయడం కష్టం కాదు.

పాలీఫోనిక్ అంటే ఒకేసారి అనేక స్వరాలు పలికించగలిగేది. మన వాద్యబృందాలలో కనిపించే మామూలు కీబోర్డు ముందే రికార్డు చేసి దాచిన శబ్దాలను వినిపిస్తే, అనలాగ్ సింథ్ ప్రతి స్వరాన్నీ విద్యుత్ వలయాలతో అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ప్రతి ‘వాయిస్’కూ తరంగాన్ని పుట్టించే సొంత ఆసిలేటర్లు, దానిలో కొంత భాగాన్ని వడగట్టే సొంత ఫిల్టర్, సొంత ఆంప్లిఫైయర్ ఉండాలి కనుక ఆరు వాయిస్‌ల వాద్యమంటే ఒకే పెట్టెలో ఆరు సింథసైజర్లు ఉన్నట్లే, ధర కూడా అందుకు తగినట్లే ఉంటుంది. అమెరికన్ వాద్య రూపకర్త డేవ్ స్మిత్ రూపొందించగా 1978లో వచ్చిన ప్రాఫెట్-5లో ఐదు వాయిస్‌లు ఉండేవి. వాటన్నిటినీ మైక్రోప్రాసెసర్ అదుపులో పెట్టి, తయారుచేసుకున్న శబ్దాలను జ్ఞాపకంలో దాచుకునే వీలు కల్పించడం ఆనాటికి పెద్ద విశేషం. నేటి వాద్యాలు ఆ పద్ధతికి వారసులే.

కొనేటప్పుడు వాయిస్‌ల సంఖ్య కన్నా ముందు ఆసిలేటర్ రకం తెలుసుకోవాలి. వీసీఓ అనేది వోల్టేజి ఎంత ఇస్తే అంత శ్రుతిలో పలికే పూర్తి అనలాగ్ ఆసిలేటర్. డీసీఓలో తరంగాన్ని అనలాగ్ వలయమే పుట్టించినా, దాని శ్రుతిని డిజిటల్ గడియారం కట్టడి చేస్తుంది. సీక్వెన్షియల్ ప్రాఫెట్-6, కోర్గ్ మినీలాగ్ మొదటి రకానికి చెందినవి. బెహ్రింగర్ డీప్‌మైండ్ 12, ప్రాఫెట్ రెవ్2 రెండవ రకానికి చెందినవి. ఇంట్లో ఏసీ లేనివారు, తరచుగా ఆరుబయట వేదికలపై వాయించేవారు డీసీఓ వాద్యం తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వీసీఓలో ఒక స్వరానికీ మరొక స్వరానికీ మధ్య ఉండే సన్నని తేడా చెవికి ఇంపుగా ఉంటుందనడం నిజమే కానీ, ఆ ఇంపు కోసం ప్రతిరోజూ కొంత ఓపిక చెల్లించవలసి ఉంటుంది.

ఆ ఓపిక ఎందుకో చెప్పాలి. వీసీఓలో వోల్టేజిని శ్రుతిగా మార్చే ట్రాన్సిస్టర్ల ప్రవర్తన ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటుంది. ఆ ప్రభావాన్ని సరిదిద్దే పరిహార భాగాలు ఏవీ లేకపోతే ఒక్క డిగ్రీ మార్పుకు స్వరాంతరాల కొలత దాదాపు 0.33 శాతం మారుతుంది. వినడానికి ఇది స్వల్పమే. కానీ గది 5 డిగ్రీలు వేడెక్కితే, ఆధారస్వరానికి మూడు స్థాయిల (ఆక్టేవ్‌ల) దూరంలో ఉన్న స్వరం సుమారు 60 సెంట్లు (సెంటు అర్ధస్వరంలో నూరవ వంతు), అంటే సగం అర్ధస్వరం కన్నా ఎక్కువగా తప్పుతుంది. నేటి తయారీదారులు పరిహార భాగాలతోను, లోపలి ప్రాసెసర్ చేసే స్వయంచాలక శ్రుతి సవరణతోను ఈ దోషాన్ని చాలావరకు తగ్గించారు. అయినా మే నెలలో బయట 35 డిగ్రీల ఉక్కపోత, లోపల 24 డిగ్రీల ఏసీ ఉన్న ఇంట్లో వాద్యం ఒక స్థితి నుంచి మరొక స్థితికి వెళ్ళక తప్పదు. అందువల్ల గదిని ముందుగా మీరు వాయించే ఉష్ణోగ్రతకు తెచ్చి, వాద్యాన్ని 20 నిమిషాల పాటు ఆన్ చేసి ఉంచి, ఆ తరువాతనే మెనూలోని ట్యూనింగ్ లేదా కాలిబ్రేషన్ ఆదేశాన్ని నడపండి. స్విచ్ వేసిన మరుక్షణం సవరిస్తే చల్లని వాద్యానికి శ్రుతి కుదురుతుంది, అది వేడెక్కగానే మళ్ళీ తప్పుతుంది. ఏసీ గాలి నేరుగా వాద్యంపై పడకుండా చూసుకోవడం కూడా అవసరం.

విశాఖలో వేడి కన్నా తేమ పెద్ద శత్రువు, దానిలో కలిసి వచ్చే ఉప్పు అంతకన్నా పెద్ద శత్రువు. సముద్రానికి దగ్గరగా లాసన్స్ బే కాలనీలోనో, పెద వాల్తేరులోనో ఉన్నవారికి కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో వేరుగా చెప్పనక్కరలేదు. వంటింటి ఇత్తడి సామానుకు చిలుము పట్టించే ఆ గాలే వాద్యం వెనుక ఉన్న జాక్‌లలోకీ, నాబ్‌ల కింది పొటెన్షియోమీటర్లలోకీ చేరుతుంది. ఆధునిక సింథ్‌లో చాలా నాబ్‌ల గుండా శబ్దం ప్రవహించదు. ప్రాసెసర్ వాటి స్థానాన్ని చదువుతుందంతే. కాబట్టి మురికి పట్టిన నాబ్ పాత రేడియోలా గరగరలాడదు, దాని విలువ తనంతట తాను ఎగిరిపడుతుంది. నా వాద్యంలో రెండవ వర్షాకాలానికి ఫిల్టర్ హద్దును నిర్ణయించే కటాఫ్ నాబ్‌ను ఎవరూ ముట్టకుండానే శబ్దం మసకబారడం, మళ్ళీ తేరుకోవడం మొదలైంది. చూపించుకోవడానికి తీసుకువెళితే ఒక మెకానిక్ తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేను లోపల కొట్టాడు, ఆ జిడ్డుకు దుమ్ము చేరి మరో రెండు నాబ్‌లు కూడా అదే దారి పట్టాయి. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్‌ల కోసమే తయారయ్యే, ప్లాస్టిక్‌కు హాని చేయని క్లీనర్‌ను తప్ప మరి దేనినీ ఎవరినీ వాడనివ్వకండి. పైభాగం తుడవడానికి మెత్తని పొడి గుడ్డ చాలు.

తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి కొని గదిలో ఉంచండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. వాయించిన తరువాత వాద్యం చల్లారేవరకు ఆగి మూత వేయాలి. కొద్ది రోజులు వాయించని పక్షంలో మూసిన సంచిలో గాని బీరువాలో గాని సిలికా జెల్ సంచులతో ఉంచాలి. రంగు మారే రకం సిలికా జెల్ ఎప్పుడు నిండిపోయిందో తానే చెబుతుంది, దానిని వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు, అయితే వంటకు వాడే పాత్రలో మాత్రం వేడిచేయవద్దు. ఏసీ కారులో నుంచి దించిన వాద్యాన్ని వెంటనే సంచిలో నుంచి తీస్తే, చల్లని లోహంపై గాలిలోని తేమ నీటి చెమ్మగా దిగుతుంది. గంటసేపు సంచిలోనే ఉంచి ఆ తరువాత తీయడం వల్ల ఆ ప్రమాదం తప్పుతుంది.

ఇక కరెంటు. మన సరఫరా 230 వోల్టులు. నేటి వాద్యాలలో చాలావాటి పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల వరకు స్వీకరిస్తుంది గాని, అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో తెచ్చిన వాద్యం విషయంలో వెనుక ముద్రించిన అంకెను చదవకుండా ప్లగ్ పెట్టకండి. 120 వోల్టులకే తయారైన పాత వాద్యమైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. స్పీకర్లలో సన్నని హోరు వినిపిస్తే ముందుగా అనుమానించవలసింది వాద్యాన్ని కాదు, స్విచ్‌బోర్డు ఎర్తింగ్‌ను. సింథ్, స్పీకర్లు, కంప్యూటర్ మూడింటినీ ఒకే ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకు కలిపితే ఆ హోరు తరచుగా తగ్గుతుంది. ఇన్వర్టర్ వాడేవారు సైన్ వేవ్ రకం ఎంచుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకటిలో ఉంది. అలాంటి హెచ్చరిక వినగానే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసివేయాలి, కరెంటు తిరిగి వచ్చి నిలకడగా ఉందని తేలేవరకు పెట్టకూడదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను కూడా గాలివానల రోజున చేయవద్దు.

వాయించడానికి కూర్చున్నప్పుడు తయారీదారు ముందే అమర్చి ఇచ్చిన వందల శబ్దాలను, అంటే ప్రీసెట్లను, ఒకటొకటిగా తిప్పుతూ సాయంత్రం గడిపివేయకండి. ఖాళీ ప్యాచ్ (ఒక శబ్దం కోసం చేసిన నాబ్‌ల అమరిక) తీసుకుని ఒకే ఆసిలేటర్‌లో రంపపు పళ్ళ ఆకారపు తరంగాన్ని ఎంచుకోండి. అందులో అనుస్వరాలన్నీ (మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో దానితో పాటు పలికే సన్నని స్వరాలు, హార్మోనిక్స్) ఉంటాయి, చతురస్ర తరంగంలో బేసి సంఖ్య అనుస్వరాలు మాత్రమే ఉంటాయి. ఫిల్టర్ కటాఫ్‌ను తగ్గిస్తూ పోతే పై అనుస్వరాలు ఒక్కొక్కటిగా తెరమరుగవుతాయి, రెజొనెన్స్ పెంచితే కటాఫ్ దగ్గరి అనుస్వరం పైకి తేలుతుంది. ఈ రెండు నాబ్‌లతోనే ఒక వారం గడపవచ్చు. తరువాత రెండవ ఆసిలేటర్‌ను చేర్చి 7 సెంట్లు పక్కకు జరపండి. 220 హెర్ట్జ్ స్వరం దగ్గర ఆ తేడా సెకనుకు దాదాపు ఒక అలగా వినిపిస్తుంది, నిలిచిన స్వరానికి ప్రాణం వస్తుంది.

తంబురా వంటి ఆధారనాదం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. షడ్జం, పంచమం, పై షడ్జం నొక్కి ఉంచి, రెజొనెన్స్‌ను సగానికి పైగా పెంచి, నెమ్మదిగా ఊగే సహాయక ఆసిలేటర్ అయిన ఎల్ఎఫ్ఓతో కటాఫ్‌ను కదిలించండి. తీగ కింద పెట్టిన దారం వల్ల తంబురాలో అనుస్వరాలు ఒకదాని తరువాత ఒకటి మెరిసినట్లే ఇక్కడా మెరుస్తాయి. అయితే ఆరు వాయిస్‌లలో మూడు ఈ నాదానికే సరిపోయాయని గుర్తుంచుకోవాలి. మిగిలిన మూడింటితో రాగం వాయిస్తూ రిలీజ్‌ను (మెట్టు వదిలాక స్వరం ఆగడానికి పట్టే సమయాన్ని) మూడు సెకన్లు పెట్టుకుంటే, వదిలిన స్వరాలు కూడా ఇంకా మోగుతూ వాయిస్‌లను పట్టుకునే ఉంటాయి. ఏడవ స్వరం నొక్కగానే సాధారణంగా అన్నిటికన్నా పాతదైన స్వరం, అంటే మీ షడ్జమే, చటుక్కున తెగిపోతుంది. రిలీజ్ తగ్గించడం ఒక మార్గం. ఆధారనాదాన్ని రికార్డు చేసి రికార్డు చేసిన భాగాన్ని మళ్ళీమళ్ళీ వినిపించే లూపర్‌లోనో కంప్యూటర్‌లోనో నడిపించడం అంతకన్నా మంచి మార్గం.

రెండవదే ఎందుకు మంచిదంటే, స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ వీల్ తిప్పినప్పుడు సాధారణంగా నొక్కి ఉన్న స్వరాలన్నీ కలిసి జరుగుతాయి. కాంభోజిలో ఒక జారు వేయబోతే షడ్జపంచమాలు కూడా దానితో పాటు జారిపోతాయి. ఆధారనాదం వేరుగా నడుస్తున్నప్పుడు వాద్యాన్ని యూనిసన్‌లో పెట్టి, కొద్దిగా గ్లైడ్ (ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే గుణం) ఇచ్చి, పిచ్ వీల్ పరిధిని రెండు అర్ధస్వరాలకు ఉంచి సాధన చేస్తే కొన్ని గమకాలు పట్టుబడతాయి, అన్నీ రావు. యూనిసన్‌లో ఆరు వాయిస్‌లూ ఒకే స్వరం మీదికి వస్తాయి కాబట్టి ముందుగా వాల్యూమ్ తగ్గించుకోవడం స్పీకర్లకు క్షేమం.

స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే కీబోర్డు మెట్ల సమానశ్రుతిలో అంతర గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. స్వభావసిద్ధమైన 5:4 నిష్పత్తిలో అది సుమారు 386 సెంట్లు. ఆ 14 సెంట్ల తేడా పాటలో గడిచిపోతుంది గాని, నిలిచిన ఆధారనాదం మీద గాంధారాన్ని పట్టి ఉంచితే పులుపులా తగులుతుంది. ప్రాఫెట్-6 వంటి వాద్యాలలో ప్రత్యామ్నాయ శ్రుతులు ఎంచుకునే సదుపాయం ఉంది. మీ వాద్యంలో ఉంటే తప్పక వాడుకోండి. సుదీర్ఘమైన రిలీజ్‌తో వాయించదలచినవారు మోహనంతో మొదలుపెట్టడం మేలు. అందులో అర్ధస్వర దూరంలో ఉన్న స్వరాల జత లేదు కనుక ఐదు స్వరాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నా ఒరసుకోవు. అదే ప్యాచ్‌లో మాయామాళవగౌళ వాయిస్తే షడ్జం మీద శుద్ధ రిషభం పడి బురదగా మారుతుంది.

సంక్రాంతికి ఊరికి బయలుదేరే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలింది. మీరు తయారుచేసుకున్న ప్యాచ్‌లను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపి, ఫైలు పేరులో తేదీ చేర్చి, మరొక డిస్కులో కూడా దాచుకోండి. ప్లగ్ తీసి, కేబుళ్ళను విప్పి, తాజా సిలికా జెల్‌తో సంచి మూసి, నేలకు ఆనించకుండా, సముద్రం వైపు కిటికీకి దూరంగా ఎత్తున పెట్టండి. తిరిగి వచ్చాక గది ఆరేవరకు ఆగి, నాబ్‌లన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు తిప్పి, ఆ తరువాత స్విచ్ వేసి, 20 నిమిషాలకు శ్రుతి చేయండి.