పన్ను పడదు కదా అని రిటర్న్ మానేయకండి: షేర్లలో నష్టపోయిన చిన్న ఆదాయం వాళ్ళకు జాగ్రత్తలు

2024-25లో ఎఫ్ అండ్ ఓలో, అంటే షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ పందేల్లో, ట్రేడింగ్ చేసిన మామూలు జనంలో 91 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. పోయిన డబ్బు లక్షా ఐదు వేల కోట్ల పైమాటే. అంతకుముందు ఏడాది నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఈ ట్రేడింగ్ చేసినవాళ్ళలో నూటికి 75 మందికి పైగా ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం చూపించినవాళ్ళే. అంటే విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల షాపులో సేల్స్‌మన్, ఆటోనగర్‌లో మెకానిక్, మిర్చి యార్డులో గుమాస్తా, బీటెక్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడు.

అప్పు చేసి ట్రేడింగ్ చేయొద్దు, టెలిగ్రామ్ టిప్స్ నమ్మొద్దు అనేవి అందరూ చెప్పేవే, వాటి జోలికి వెళ్ళను. డబ్బు పోయాక జరిగే రెండో నష్టం గురించి చెప్తాను. గుంటూరు బ్రాడీపేటలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పని నాది. ఏటా జూలైలోనూ, అది దాటిపోయాక ఆగస్టులోనూ నేను వినే మాట ఒకటే: "నాకు పన్ను పడదు కదండీ, రిటర్న్ ఎందుకని వేయలేదు."

అక్కడే ఆ నష్టం పూర్తిగా వృథా అవుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో వచ్చిన నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళి, తర్వాత వచ్చే లాభంలో తగ్గించుకోవచ్చు. దానికి షరతు ఒక్కటే. నష్టం వచ్చిన ఏడాది రిటర్న్ గడువులోపు వేసి ఉండాలి. ఆదాయం పన్ను పడే పరిమితి కంటే తక్కువ ఉంటే సాధారణంగా రిటర్న్ వేయకపోవడం తప్పు కాదు, జరిమానా కూడా ఉండదు. అందుకే ఎవరూ హెచ్చరించరు. కానీ నష్టాన్ని ముందుకు తీసుకెళ్ళే హక్కు మాత్రం పోతుంది.

ఒక గుమాస్తా సంగతి చూడండి. 2023-24లో ఆయన ఆదాయం రెండు లక్షల అరవై వేలు. ఏడాది లోపు అమ్మిన షేర్లలో లక్షా ఎనభై వేలు పోయాయి. పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేయలేదు. 2025-26కి జీతం పెరిగింది, స్టాండర్డ్ డిడక్షన్ పోగా నాలుగున్నర లక్షలు. అదే ఏడాది షేర్లలో రెండు లక్షల ఇరవై వేల స్వల్పకాలిక లాభం వచ్చింది. పన్నెండు లక్షల దాకా పన్ను లేదని టీవీలో విన్నది ఆయనకి గుర్తుంది. ఆ రిబేటు జీతం మీద పన్నుకి వర్తిస్తుంది, షేర్ల లాభం మీద వేసే 20 శాతానికి వర్తించదు. సెస్సుతో కలిపి 45,760 రూపాయలు కట్టాల్సి వచ్చింది. పాత నష్టం రికార్డులో ఉండి ఉంటే మిగిలే లాభం నలభై వేలు, పన్ను 8,320. ఆయనకి దాదాపు రెండు నెలల ఇంటి ఖర్చు ఒక్క రిటర్న్ వేయకపోవడం వల్ల పోయింది.

ఏ నష్టం దేనికి

స్వల్పకాలిక నష్టం, అంటే లిస్టయిన షేరు ఏడాది నిండకుండా అమ్మితే వచ్చేది, స్వల్పకాలిక లాభంలోనూ దీర్ఘకాలిక లాభంలోనూ తగ్గుతుంది. దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభంలో మాత్రమే తగ్గుతుంది. రెండూ జీతంలో తగ్గవు. షేర్లలో పోయింది కాబట్టి జీతంలో ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) వెనక్కి వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం కిందికి వస్తుంది. అదే ఏడాది జీతం తప్ప మిగతా ఆదాయంలో, అంటే బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె లాంటి వాటిలో తగ్గుతుంది. మిగిలింది ఎనిమిదేళ్ళు, వ్యాపార లాభంలో మాత్రమే. ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేసిన షేర్ల నష్టం స్పెక్యులేషన్ కింద లెక్క. దానికి నాలుగేళ్ళే, అదీ స్పెక్యులేషన్ లాభంలోనే. క్రిప్టో నష్టం దేనిలోనూ తగ్గదు, ముందుకూ పోదు. ఒక కాయిన్‌లో లక్ష పోయి ఇంకో కాయిన్‌లో యాభై వేలు వచ్చినా, ఆ యాభై వేలకి 30 శాతం కట్టాల్సిందే. మీ ఆదాయం ఎంత తక్కువైనా అంతే.

మార్చిలో అమ్మేముందు

"మార్చి 31 లోపు నష్టాల్లో ఉన్న షేర్లు అమ్మేయండి, పన్ను మిగులుతుంది" అని ఫోన్లో వీడియోలు వస్తుంటాయి. పెద్ద ఆదాయం ఉన్నవాళ్ళకి అది నిజమే. చిన్న ఆదాయం వాళ్ళకి చాలాసార్లు నష్టం వృథా అవుతుంది. ఎందుకంటే అదే ఏడాది లాభం ఉంటే నష్టం ముందు దాన్ని తినేస్తుంది, మనం వద్దన్నా ఆగదు. ఆ లాభానికి అసలు పన్నే పడకపోయినా సరే. దీర్ఘకాలిక లాభం లక్షా పాతిక వేల దాకా ఎలాగూ పన్ను ఉండదు. అలాంటి లాభం లక్ష ఉన్న ఏడాది షేర్లు అమ్మి లక్ష నష్టం చూపిస్తే, పన్ను లేని లాభానికి నష్టాన్ని ఖర్చు పెట్టుకున్నట్టే. కొత్త పన్ను పద్ధతిలో పన్ను లేని నాలుగు లక్షల పరిమితి నిండని ఏడాది స్వల్పకాలిక లాభానికీ ఇదే జరగొచ్చు. మిగిలిపోయిన పరిమితిలో ఆ లాభం ఇమిడిపోయేది, దాన్ని కాస్తా నష్టం ముందే తినేస్తుంది. షేరు ఉంచాలా అమ్మాలా అన్నది కంపెనీని చూసి నిర్ణయించుకోండి. పన్ను కోసమే అమ్మేటట్టయితే మాత్రం ముందు ఈ లెక్క వేయండి.

ఇక మిగతావి. వరసగా చెప్తాను, అన్నీ పాటించండి.

జూలై 31 లోపు రిటర్న్ వేసేయండి. 2025లో గడువు సెప్టెంబరు 16 దాకా జరిగింది, అలా ఏటా జరుగుతుందనుకోకండి. డిసెంబరు దాకా ఆలస్యంగా వేసుకోవచ్చు అంటారు. రిటర్న్ వేసుకోవచ్చు, షేర్ల నష్టం ముందుకు పోదు.

వేసినంత మాత్రాన అయిపోలేదు. ముప్పై రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. ఆ ముప్పై రోజులు దాటితే, మీరు వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసిన రోజవుతుంది. జూలై 30న వేసి సెప్టెంబరులో ఓటీపీ కొట్టినవాళ్ళ నష్టం ఇలాగే పోతుంది. వేసిన రోజే వెరిఫై చేయండి.

నెట్ సెంటర్‌లో వంద రూపాయలకి ఐటీఆర్-1 ఫారం వేయించకండి. అందులో షేర్ల నష్టం ముందుకు తీసుకెళ్ళే వీలు లేదు. షేర్లు, ఫండ్లు మాత్రమే ఉంటే ఐటీఆర్-2. ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ ఉంటే ఐటీఆర్-3.

ఐటీఆర్-4లో ఎఫ్ అండ్ ఓని అంచనా లాభంగా రాసేయొద్దు. మీ నష్టాన్ని మీరే లాభం అని సంతకం పెట్టినట్టు.

రిటర్న్ పీడీఎఫ్‌లో సీఎఫ్ఎల్ షెడ్యూల్, అంటే ముందుకు తీసుకెళ్ళే నష్టాల పట్టిక తెరిచి, మీ నష్టం అంకె అక్కడ ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. లేకపోతే ఆ రోజే ఆడిటర్ గారిని అడిగి రివైజ్డ్ రిటర్న్ వేయించండి.

బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ రిపోర్టు ప్రతి ఏప్రిల్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ లావాదేవీలు చూపించే ఏఐఎస్‌తో పోల్చండి. ఎనిమిదేళ్ళు దాచండి.

మీ డబ్బు మీ ఆవిడ ఖాతాలో వేసి ట్రేడింగ్ చేయకండి. ఆవిడకి ఆదాయం లేదని పన్ను తప్పదు. ఆ లాభం, ఆ నష్టం రెండూ మీ రిటర్న్‌లోకే వస్తాయి.

నకిలీ ట్రేడింగ్ యాప్‌లో పోయిన డబ్బుని షేర్ల నష్టంగా రాయొద్దు. అక్కడ షేరే లేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నష్టం వచ్చిందని ఇంట్లో తెలుస్తుందేమోనన్న భయంతో రిటర్న్ ఆపకండి. మీరు ఎంతకు అమ్మారో ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఇప్పటికే ఉంది. ఎంత నష్టపోయారో మీరు చూపితేనే లెక్కలోకి వస్తుంది.

ఆసుపత్రి పాలై, లేదా ఇంట్లో ఎవరో పోయి గడువు దాటినవాళ్ళకి మాత్రం ఒక దారి ఉంది. ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను ప్రిన్సిపల్ కమిషనర్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోటి రూపాయల లోపు నష్టాలకి ఆయనే నిర్ణయం తీసుకుంటారు. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు జత చేయండి. పన్ను పడదనుకున్నాను అనేది కారణంగా రాస్తే ఒప్పుకుంటారని ఆశపడకండి.