గొట్టంలో ప్రవాహం – 3వ పాఠం: రెనాల్డ్స్ సంఖ్య కట్టడం

పోయిన పాఠం ప్వాజయ్ సూత్రం దగ్గర ఆగింది. గొట్టం వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి అందులో పారే ద్రవం పదహారో వంతుకు పడిపోతుందన్న లెక్క అది. ప్వాజయ్ పారిస్ వైద్యుడు. రక్తనాళాల గుట్టు తెలుసుకోవాలని, వెంట్రుకంత సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి 1840లలో ఆ సూత్రాన్ని తేల్చాడు. సన్న గొట్టాల్లో అది అచ్చంగా పనిచేస్తుంది. అదే సూత్రాన్ని మీ బోరు పైపుకు వాడితే మాత్రం జవాబు తప్పు వస్తుంది. తప్పు సూత్రంలో లేదు, దాన్ని ఎక్కడ వాడొచ్చో చూసుకోకపోవడంలో ఉంది. అది చూసుకోవడానికి ఒక అంకె కావాలి, అదే రెనాల్డ్స్ సంఖ్య. ఈ పాఠంలో ఆ అంకెను కట్టడం నేర్చుకుందాం.

జల్లెడ మూత లేని పాత కుళాయిని కొద్దిగా తిప్పండి. ధార గాజు కడ్డీలా నిలిచి, కదులుతోందా లేదా అన్నట్టు ఉంటుంది. ఇంకాస్త తిప్పితే ఒక దశలో ధార మసకబారి, ఒళ్లంతా వణుకు మొదలవుతుంది. మొదటిది లామినార్ ప్రవాహం: నీటి పొరలు ఒకదానిపై ఒకటి జారుతూ, కలవకుండా సాగుతాయి. రెండోది టర్బులెంట్: సుడులు పుట్టి అంతా కలగలిసిపోతుంది. ఈ మార్పు ఎప్పుడు వస్తుందో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంతో చూశాడు. గాజు పలకల తొట్టెలో గొట్టాన్ని అడ్డంగా పెట్టి, దాని మూతి దగ్గర రంగునీటి పోగు ఒకటి వదిలాడు. వేగం తక్కువగా ఉంటే ఆ పోగు గొట్టం పొడవునా చెదరకుండా సాగింది. వేగం పెంచుతూ పోతే ఒకచోట హఠాత్తుగా చెదిరి గొట్టమంతా రంగు నిండింది. విద్యుత్ మెరుపు వెలుగులో చూస్తే ఆ రంగులో విడివిడిగా సుడులు కనిపించాయి. 1883లో ఈ పని అచ్చయింది. ఆ అంకెకు రెనాల్డ్స్ పేరు పెట్టింది మాత్రం జర్మన్ శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్, 1908లో.

లెక్క ఇంతే:

రెనాల్డ్స్ సంఖ్య = వేగం × వ్యాసం ÷ స్నిగ్ధత

స్నిగ్ధత అంటే ద్రవం పారకుండా అడ్డుకునే చిక్కదనం. ఇక్కడ దాన్ని సాంద్రతతో భాగించి వాడతాం. అన్నిటినీ మిల్లీమీటర్లలోనే పెట్టుకోండి. వేగం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు, వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు, స్నిగ్ధత సెకనుకు ఎన్ని చదరపు మిల్లీమీటర్లు. పుస్తకాలు మీటర్లలో చెయ్యమంటాయి. అలా చేస్తే పది ఘాతం మైనస్ ఆరు అంటూ సున్నాలు లెక్కపెట్టుకోవడంలోనే సగం తప్పులు దొర్లుతాయి. మిల్లీమీటర్లలో నీటి స్నిగ్ధత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.0, 30 దగ్గర 0.8, 40 దగ్గర సుమారు 0.66. రక్తానికి, పెద్ద నాళాల్లో, 3.3 అనుకోండి. భాగించాక ప్రమాణాలన్నీ కొట్టుకుపోయి ఉత్త అంకె మిగులుతుంది. పొలంలో పైపుకూ గుండె పక్కన నాళానికీ ఒకే కొలబద్ద దొరికేది అందువల్లే.

మనకు వేగం నేరుగా తెలియదు, గంటకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. గుండ్రటి గొట్టానికి దాన్ని ఇలా మార్చుకోవచ్చు:

రెనాల్డ్స్ సంఖ్య = 440 × (గంటకు లీటర్లు) ÷ (లోపలి వ్యాసం, మి.మీ.)

440 అన్నది 30 డిగ్రీల నీటికి. 20 డిగ్రీలకైతే 354, రక్తానికైతే 107. ఈ మూడూ నోట్‌బుక్ అట్ట మీద రాసి పెట్టుకోండి. తిన్నని గుండ్రటి గొట్టంలో జవాబు 2,000 లోపు ఉంటే లామినార్, 4,000 దాటితే టర్బులెంట్, మధ్యలో అయితే అటూ ఇటూ. ఈ హద్దు గీత గీసినంత కచ్చితం కాదు. నీటిని చాలాసేపు కదలకుండా ఉంచి, గొట్టం మూతిని నున్నగా గంటలా మలిచి రెనాల్డ్స్ దాదాపు 13,000 దాకా రంగు పోగును చెదరకుండా నిలబెట్టగలిగాడు. ఆ పరికరం ఇప్పటికీ మాంచెస్టర్‌లో ఉంది. బయట వాహనాల అదురుకు ఇప్పుడు అంత ఎత్తుకు వెళ్లడం కుదరడం లేదని అక్కడివాళ్లు చెబుతారు. కిందికి మాత్రం 2,000 గట్టి హద్దే. అంతకంటే తక్కువైతే మీరు ఎంత కుదిపినా సుడులు వాటంతటవే చచ్చిపోతాయి.

ఇక డ్రిప్ లైను. మొక్కల వరుస వెంట పరిచే 16 మి.మీ. పైపు (లాటరల్) తీసుకోండి, లోపలి వ్యాసం 14 అనుకుందాం. పొడవు 50 మీటర్లు, నీటిని బొట్లుగా వదిలే డ్రిప్పర్ అర మీటరుకు ఒకటి, ఒక్కోటి గంటకు 4 లీటర్లు. మొత్తం 100 డ్రిప్పర్లు కాబట్టి లాటరల్ మొదట్లో గంటకు 400 లీటర్లు ప్రవేశిస్తాయి. 440 × 400 ÷ 14 = సుమారు 12,600. నిండు టర్బులెంట్. చివరి డ్రిప్పర్ ముందు మిగిలేది 4 లీటర్లే: 440 × 4 ÷ 14 = 126. పూర్తి లామినార్. అంటే ఒకే పైపు, ఒకే మోటారు, పైపు ఈ కొసన ఒక రకం ప్రవాహం, ఆ కొసన ఇంకో రకం. ఎక్కడ 2,000 కిందికి దిగుతుందో వెనక్కి కట్టండి: 2,000 × 14 ÷ 440 = 64 లీటర్లు, అంటే చివరి 16 డ్రిప్పర్లు, చివరి ఎనిమిది మీటర్లు. చూడ్డానికి వింతగా ఉన్నా రైతుకు దీనితో పెద్ద పని లేదు. ఒత్తిడి నష్టమంతా మొదటి భాగంలోనే జరిగిపోతుంది, చివర పోయేది నామమాత్రం.

పని ఉన్నది డ్రిప్పర్ లోపల. డ్రిప్ వచ్చిన కొత్తల్లో వాడిన సన్నని మైక్రోట్యూబ్ తీసుకోండి. వ్యాసం 1.2 మి.మీ., గంటకు 4 లీటర్లు: సుమారు 1,470. లామినార్. ప్వాజయ్ సూత్రం వర్తిస్తుంది కాబట్టి ఒత్తిడి ఎంత తగ్గితే నీరు అంత తగ్గుతుంది. లైను చివర ఒత్తిడి 20 శాతం తగ్గితే ఆ మొక్కకు నీరూ 20 శాతం తక్కువ. పైగా స్నిగ్ధత నేరుగా లెక్కలోకి వస్తుంది. పొద్దున 20 డిగ్రీలున్న నీరు ఎండలో నల్ల పైపు వేడికి 40కి చేరితే అదే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పారుతుంది. అదే టర్బులెంట్ అయితే నీరు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 20 శాతం ఒత్తిడి పోతే నీరు పోయేది 10–11 శాతమే. వేడి ప్రభావమూ స్వల్పం. మామూలుగా సుడులంటే శక్తి దండుగ. డ్రిప్పర్ తయారుచేసేవాడికి మాత్రం అవే కావాలి.

అందుకే ఇప్పటి డ్రిప్పర్‌ను కోసి చూస్తే లోపల రంపపు పళ్లలాంటి వంకర దారి కనిపిస్తుంది. ఆ దారి ఒక మి.మీ. వెడల్పు, ఒక మి.మీ. లోతు అనుకోండి. 4 లీటర్లు పారితే వేగం సెకనుకు 1,110 మి.మీ. ఇది చతురస్రం కాబట్టి 440 వాడకూడదు, మొదటి సూత్రమే వాడాలి: 1,110 × 1 ÷ 0.8 = సుమారు 1,390. మైక్రోట్యూబ్ కంటే తక్కువ! మన హద్దు ప్రకారం ఇది లామినార్ అవ్వాలి. కానీ ఒత్తిడి మార్చి కొలిస్తే వర్గమూలం లెక్కే వస్తుంది, అంటే ప్రవాహం టర్బులెంట్‌లా నడుచుకుంటోంది. ప్రతి పంటి దగ్గరా నీరు మలుపు తిరిగి గోడను విడిచి, సుడి పెట్టి, అది సద్దుమణిగే లోపే ఇంకో పన్ను తగులుతుంది. 2,000 అన్న హద్దు తిన్నని గొట్టానిది. దారి ఆకారం మారితే హద్దూ మారుతుంది. పరిశోధన పత్రాల్లో రెనాల్డ్స్ సంఖ్య కనిపిస్తే, వ్యాసం స్థానంలో ఏ పొడవును పెట్టారు, ఏ వేగాన్ని తీసుకున్నారు, హద్దు ఏ ఆకారానిది అన్న మూడింటినీ ముందు వెతకండి. అవి చెప్పకుండా అంకె మాత్రమే ఇస్తే ఆ అంకెతో చెయ్యగలిగింది ఏమీ లేదు.

రక్తం దగ్గరికొద్దాం. గుండె నుంచి బయటికొచ్చే బృహద్ధమని వ్యాసం 25 మి.మీ., విశ్రాంతిలో గుండె పంపేది నిమిషానికి 5 లీటర్లు, అంటే గంటకు 300. 107 × 300 ÷ 25 = 1,284. హద్దుకు కిందే. కానీ ఇది సగటు. గుండె కొట్టుకున్న క్షణంలో వేగం సెకనుకు మీటరు దాకా వెళ్తుంది, అప్పుడు లెక్క 7,500 దాటుతుంది. అయినా ఆరోగ్యవంతుడి ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే లబ్-డబ్ తప్ప మరో చప్పుడు సాధారణంగా వినపడదు. వేగం పెరుగుతున్నప్పుడు ప్రవాహం నిలదొక్కుకుంటుంది. తగ్గుతున్నప్పుడు చెదరడం మొదలైనా, సుడులు బలపడే లోపే ఆ స్పందన ముగుస్తుంది. ఇక చిట్టచివరి కేశనాళికలో వ్యాసం 0.008 మి.మీ., వేగం సెకనుకు అర మిల్లీమీటరు. లెక్క 0.001 దగ్గర తేలుతుంది. అక్కడ ఎర్రకణాలు ఒక్కొక్కటిగా దూరి వెళ్తాయి కాబట్టి 3.3 అన్న స్నిగ్ధత కూడా సరిగ్గా వర్తించదు. సుమారు ఏ స్థాయిలో ఉందో చూడ్డానికే ఆ అంకె.

రక్తహీనత ఎక్కువగా ఉన్న మనిషిలో రెండు మార్పులు కలిసొస్తాయి. ఎర్రకణాలు తగ్గి రక్తం పలచబడుతుంది, ఆక్సిజన్ లోటు తీర్చడానికి గుండె ఎక్కువ రక్తం పంపుతుంది. లెక్క కోసం స్నిగ్ధత 2.5, నిమిషానికి 8 లీటర్లు, అంటే గంటకు 480 అనుకుందాం. స్నిగ్ధత 1.0 అయితే 354 కాబట్టి, 354 ÷ 2.5 = సుమారు 142. 142 × 480 ÷ 25 = 2,700 పైచిలుకు. సగటే హద్దు దాటింది. గుండె కవాటాల్లో ఏ లోపమూ లేకున్నా ఇలాంటివారిలో డాక్టరుకు మర్మర్ అనే బుస్సుమనే అదనపు చప్పుడు వినపడటానికి కారణం ఇదే. రక్తం పుంజుకుంటే ఆ చప్పుడు తగ్గిపోతుంది.

ఒక చిక్కు ప్రశ్న. నాళం సన్నబడితే రెనాల్డ్స్ సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా? మొదటి సూత్రంలో వ్యాసం పైన ఉంది కాబట్టి తగ్గుతుందని చాలామంది టక్కున చెప్పేస్తారు. కానీ నాళంలో ఒకచోట మాత్రమే సన్నబడినప్పుడు అదే రక్తం ఆ ఇరుకులోంచే పోవాలి. వ్యాసం సగమైతే వేగం నాలుగు రెట్లవుతుంది, మొత్తం మీద అంకె రెట్టింపు. 25 మి.మీ. దారి 12.5కు తగ్గితే 1,284 కాస్తా 2,568. మెడ దగ్గర ధమనిలో కొవ్వు పేరుకుని ఇరుకైన చోట డాక్టరు చెవికి చప్పుడు తగిలేది ఇందుకే. ప్రవాహం స్థిరమా, ఒత్తిడి స్థిరమా అన్నది తేల్చుకోకుండా సూత్రంలో అంకెలు పెట్టకండి.

ఇప్పుడు మీ వంతు. నీటికి 440 వాడండి, సెలైన్‌కూ అదే చాలు.

మొదటిది: సెలైన్ సెట్టు గొట్టం లోపలి వ్యాసం 3 మి.మీ., గంటకు 100 మిల్లీలీటర్లు ఎక్కుతోంది. 
రెండోది: మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే పైపు లోపలి వ్యాసం 15 మి.మీ., 20 లీటర్ల బకెట్ 100 సెకన్లలో నిండింది. 
మూడోది: అదే పైపులో ప్రవాహం లామినార్‌గా ఉండాలంటే ఆ బకెట్ నిండడానికి కనీసం ఎంతసేపు పట్టాలి?

జవాబులు: మొదటిది దాదాపు 15. లీటర్లకు బదులు మిల్లీలీటర్లు పెట్టినవారికి 14,700 వచ్చి ఉంటుంది. బొట్టుబొట్టుగా ఎక్కే సెలైన్‌లో సుడులు ఉంటాయా అని ఒక్క క్షణం అనుమానించాలి. రెండోది గంటకు 720 లీటర్లు, సుమారు 21,000. మూడోదానికి 2,000 × 15 ÷ 440, అంటే గంటకు 68 లీటర్లు, బకెట్‌కు దాదాపు పదిహేడున్నర నిమిషాలు. అంతసేపు బకెట్ దగ్గర ఎవరూ కూర్చోరు కాబట్టి ఇంటి పైపులన్నీ టర్బులెంట్ అనే లెక్కేసుకోండి. వాటి ఒత్తిడి నష్టాన్ని కట్టే వేరే సూత్రం 4వ పాఠంలో. దానికి మీ ఇంటి పైపు పొడవు, లోపలి వ్యాసం, బకెట్ నిండే సమయం కొలిచి ఉంచుకోండి.