చర్చి రిజిస్టరులో ముత్తాత పేరు దొరకడం లేదా?

ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టు సంఘాల పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు తగిలే చిక్కులివి.

పుట్టిన ఏడాది పేజీల్లో పేరు లేదు
బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పుట్టిన ఏడాదికి పన్నెండేళ్లు కలిపి, అక్కడి నుంచి ముందుకు చూడండి. మొదటి తరం వాళ్లైతే ఏ వయసైనా కావచ్చు. 1876-78 కరువు వెనకాలే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి తేదీ కింద తండ్రీ కొడుకూ కోడలూ కలిసే కనబడొచ్చు. లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో మాత్రం పసితనంలోనే ఇస్తారు కాబట్టి పుట్టిన ఏడాది, ఆ తర్వాతి ఏడాది చూస్తే చాలు.

ఏడాది సరిపోయింది, పేరు మాత్రం లేదు
ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో నాగయ్య అని పిలిచిన మనిషి పుస్తకంలో యేసుదాసు అయి ఉండొచ్చు. ఇంటిపేరు రాయకపోవడమూ మామూలే. ఇంగ్లీషులో రాసిన పుస్తకమైతే ఇంకో తంటా: వెంకయ్య ‘వి’ కిందా ఉంటాడు, ‘డబ్ల్యూ’ కిందా ఉంటాడు. కాబట్టి పేరు పక్కన పెట్టి ఊరు పట్టుకోండి. ఆ ఊరి పేరున్న నమోదులన్నీ నోట్‌బుక్‌లో దించుకుని తండ్రి పేరు, భార్య పేరు, వయసు పోల్చండి. ‘యోహాను, తండ్రి లక్ష్మయ్య, వయసు 30’ అని ఉంటే ఆ ముప్పై ఉజ్జాయింపే. అయిదేళ్లు అటూఇటూ తేడా ఉన్నా సరే అనుకోండి. మూడు వివరాలు కలిస్తేనే మనవాడు. ఒక్క పేరు కలిసిందని వంశవృక్షంలో ఎక్కించొద్దు.

ఊరుంది, జిల్లా వేరేలా ఉంది
తప్పు కాదు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, తర్వాత గుంటూరులో ఉంది. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది.

సిరా వెలిసిపోయింది
ఫ్లాష్ వాడకండి. కిటికీ పక్కన పగటి వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి ఫొటో తీసి, ఫోన్లోనే నలుపు-తెలుపు చేసి కాంట్రాస్టు పెంచండి. అంటుకున్న పేజీలను వేలితో విడదీయొద్దు.

రిజిస్టరే మిగల్లేదు
లండన్ బ్రిటిష్ లైబ్రరీలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లున్నాయి గానీ, అందులో ఎక్కువ యూరోపియన్లు, ఆంగ్లో-ఇండియన్లే. పల్లె సంఘాల వాళ్ల కోసం అక్కడ సమయం పోగొట్టుకోవడం దండగ. దాని బదులు పెళ్లి రిజిస్టరు అడగండి, మిషన్ బడిలో చదివి ఉంటే అడ్మిషన్ పుస్తకం అడగండి. చివరికి సమాధి రాళ్లు. అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉండే మిషన్ ఉత్తరాల్లో ఊళ్ల పేర్లు, బోధకుల పేర్లు దొరుకుతాయి. మామూలు సభ్యుడి పేరు అరుదు.